సెలవు పెట్టి వచ్చినా తగ్గని అలసట: సాక్ ఉద్యోగంలో బర్న్‌అవుట్

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. సాక్‌లో (SOC, అంటే కంపెనీ కంప్యూటర్ల మీద దాడులు జరగకుండా రాత్రింబవళ్లు కాపలా కాసే జట్టులో) నాలుగేళ్లుగా ఉన్నారు. ఎనిమిది గంటల షిఫ్ట్, షిఫ్ట్‌కి దాదాపు 120 అలర్టులు (అనుమానాస్పదమైనది కనబడితే సిస్టమ్ ఇచ్చే హెచ్చరికలు), నెలలో పది రాత్రులు. వారం రోజులు సెలవు పెట్టి వచ్చారు, మూడో రోజుకే మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు అలర్ట్ తెరిస్తే భయమూ లేదు, ఆసక్తీ లేదు, ఎలాగోలా మూసేస్తే చాలనిపిస్తోంది. ఈ పనికి నేను పనికిరానేమో, రంగమే వదిలేయాలా అని అడిగారు.

వదిలేయాలా వద్దా అన్నది ఈ వారం తేల్చకండి. సెలవు ఎందుకు పనిచేయలేదో ముందు చూద్దాం. మీ షిఫ్ట్ 480 నిమిషాలు. తర్వాతి షిఫ్ట్‌కి పని అప్పగించే హ్యాండోవర్‌కి 30, విరామాలకి 45 తీసేస్తే 405 మిగులుతాయి. వాటిని 120తో భాగిస్తే ఒక్కో అలర్ట్‌కి 3 నిమిషాల 22 సెకన్లు. ఒక అనుమానాస్పద లాగిన్‌ని సరిగ్గా చూడాలంటే ఆ యూజర్ మామూలుగా ఎక్కడినుంచి వస్తాడో చూడాలి, డివైస్ కొత్తదా పాతదా చూడాలి, తర్వాత గంటలో ఏం చేశాడో చూడాలి, చూసింది టికెట్‌లో, అంటే ఆ అలర్ట్ రికార్డులో, రాయాలి. చేయి తిరిగిన అనలిస్ట్‌కైనా 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. అంటే మీ పని మొత్తం సరిగ్గా చేయడానికి మీ దగ్గర సమయమే లేదు. చూడకుండా మూసేయడం ఒక్కటే దారి. అలా రోజూ మూసేస్తూ, ప్రతిదాన్నీ పట్టించుకుంటూ ఉండటం ఏ మనసుకీ సాధ్యం కాదు. మీకు ఏమీ అనిపించకపోవడం మీ లోపం కాదు. ఆ 3 నిమిషాల 22 సెకన్లకి మీ మనసు చేసుకున్న సర్దుబాటు అది. సెలవు మీ ఒంటి బడలికని తీర్చింది, తిరిగొచ్చేసరికి భాగహారం మాత్రం మారలేదు.

అందుకే నా సలహాలో ఎక్కువ భాగం ధ్యానం గురించీ వ్యాయామం గురించీ ఉండదు. అవి మంచివే, చేయండి. కానీ క్యూ, అంటే మీకోసం కాచుకున్న అలర్టుల వరస, మారకుండా అవి నిలవవు.

ముందు ఇది బర్న్‌అవుటేనా

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ని జబ్బుగా కాకుండా, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది. దానికి చెప్పిన గుర్తులు మూడు: శక్తి ఇంకిపోవడం, పని మీద విముఖత లేదా విరక్తి, చేసే పనిలో సామర్థ్యం తగ్గిపోయిందన్న భావన. సాక్‌లో ఇవి కనిపించే తీరు వేరుగా ఉంటుంది. టికెట్ నోట్స్ ఒకప్పుడు ఆరు లైన్లు రాసేవారు, ఇప్పుడు "ఫాల్స్ పాజిటివ్ (తప్పుడు అలర్ట్), క్లోజ్డ్" అని కాపీ పేస్ట్ చేస్తారు. యూజర్ ఫోన్ చేస్తే విసుగొస్తుంది, ఫిషింగ్ లింక్ నొక్కినవాళ్లని మనసులో తిట్టుకుంటారు. ఎస్కలేట్ చేయాల్సింది, అంటే పైవాళ్లకి పంపాల్సింది కూడా "మళ్లీ వస్తే చూద్దాం" అని వదిలేస్తారు. ఈ మూడోది కనిపిస్తే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే అప్పటికి నష్టం మీ ఒక్కరిదే కాదు.

డిప్రెషన్ దీని పక్కనే ఉంటుంది, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా పట్టుకోవడానికి ఒక మోటు గుర్తు చెబుతాను. ఉద్యోగం సంగతి లేని రోజున మీకిష్టమైన పని చేస్తే హాయిగా అనిపిస్తోందా? అనిపిస్తుంటే ఎక్కువగా ఉద్యోగమే కారణం. ఏదీ రుచించక, ఆకలీ నిద్రా చెడి, ఇది రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరకి వెళ్లాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంటుంది, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే దాన్ని పట్టుకునే డాక్టర్‌ని కలవండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న, లేదా తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు. ఆ రోజే ఇంట్లోవాళ్లకి చెప్పి, డాక్టర్‌కో మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. కింద రాసినవన్నీ దాని తర్వాతే.

రాత్రుల సంగతి

క్యూ బాగుపడటానికి వారాలు పడుతుంది. నిద్రని మాత్రం ఈ వారమే కొంత చక్కబెట్టవచ్చు, కాబట్టి ముందు అది.

17 గంటలు మేలుకున్న మనిషి ఏకాగ్రత, స్పందించే వేగం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతాయని ప్రయోగాల్లో తేలింది. పగలు సరిగ్గా నిద్రపోకపోతే, నైట్ షిఫ్ట్‌లో తెల్లవారుజామున 4 గంటలకి మీరు ఉండేది ఆ స్థితిలోనే. కాబట్టి ఆ సమయానికి ఒక నియమం పెట్టుకోండి: ప్రొడక్షన్ సర్వర్‌ని ఐసొలేట్ చేయడం (నెట్‌వర్క్ నుంచి విడదీయడం), అకౌంట్లని గుంపుగా డిసేబుల్ చేయడం, ఏదైనా డిలీట్ చేయడం లాంటి పెద్ద నష్టం చేయగల పనులు రెండో మనిషి చూశాకే. ఇది టీమ్ ప్లేబుక్‌లో (ఏ సందర్భంలో ఏం చేయాలో రాసిన పత్రంలో) రాసి ఉండాలి, మీ మంచితనం మీద ఆధారపడకూడదు.

కెఫీన్ సగం వదలడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. షిఫ్ట్ మొదటి సగంలోనే తాగి ఆపేయండి. నడుమ కునుకు తీసే వీలుంటే 20 నిమిషాలు చాలు. అంతకు మించితే గాఢ నిద్రలోంచి లేవాల్సి వస్తుంది, లేచాక అరగంట దాకా బుర్ర మొద్దుబారి ఉంటుంది. 20 నిమిషాల కునుకు తర్వాత కూడా కాసేపు తిరిగి, ముఖం కడుక్కుని, అప్పుడు క్యూ ముట్టుకోండి.

రోస్టర్ వేసేవాళ్లని మూడు అడగండి. షిఫ్టులు ముందుకి తిరగాలి: ఉదయం, సాయంత్రం, రాత్రి, ఈ వరసలో. వెనక్కి తిప్పితే ఒళ్లు అలవాటుపడటం కష్టం. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల ఎడం ఉండాలి. ఆఖరి రాత్రి తర్వాత నిండా 48 గంటలు ఖాళీ ఉండాలి, తెల్లారి ఇంటికెళ్లి పడుకున్న రోజుని "వీక్లీ ఆఫ్" కింద లెక్కేయకూడదు. చాలా రోస్టర్లలో దొంగలెక్క జరిగేది ఇక్కడే. రాత్రులని నెలంతా చెదరగొట్టడం కంటే రెండు మూడు కలిపి ఒక గుత్తిగా వేస్తే మేలు. రాత్రి షిఫ్ట్ దిగాక సొంతంగా బండి నడపకుండా ఉండగలిగితే నడపకండి.

రెండు వారాలు లెక్క రాయండి

మేనేజర్‌తో మాట్లాడే ముందు మీ చేతిలో అంకెలుండాలి. ఒక షీట్‌లో షిఫ్ట్‌కి ఒక వరస. వచ్చిన అలర్టులు, నిజంగా పూర్తిగా చూసినవి, చూడకుండా మూసినవి, నిజమని తేలినవి, షిఫ్ట్ బయట వచ్చిన ఫోన్లు, ముందటి నిద్ర ఎన్ని గంటలు. చివర ఒక్క మాటలో ఆ రోజు దేనివల్ల ఎక్కువ నలిగారో రాయండి. "చూడకుండా మూసినవి" అన్న గడి నిజాయితీగా నింపండి. అది మీ సొంత షీట్, దాన్ని ఎవరికీ యథాతథంగా ఇవ్వక్కర్లేదు. కంపెనీ లాగ్‌లు, హోస్ట్ పేర్లు, ఐపీలు మీ సొంత ఫోన్‌లోకీ మెయిల్‌లోకీ తీసుకెళ్లకండి, ఉత్త సంఖ్యలు చాలు.

ఆ చివరి మాటలే మీకు దారి చూపిస్తాయి. క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ అనే పరిశోధకులు బర్న్‌అవుట్‌కి ఉద్యోగంలో ఆరు మూలాలు చెప్పారు: పని బరువు, చేతిలో అధికారం లేకపోవడం, తగిన ప్రతిఫలం లేదా గుర్తింపు లేకపోవడం, తోటివాళ్లతో చెడిన సంబంధాలు, న్యాయం లేకపోవడం, విలువలు పొసగకపోవడం. మందు కారణాన్ని బట్టి మారుతుంది. మీ షీట్‌లో "అలర్టులు, అలర్టులు" అనే వస్తే కింద రాసింది మీకోసమే. "చెప్పినా ఎవరూ ప్యాచ్ చేయరు" (సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిదిద్దరు) అని వస్తే సమస్య బరువు కాదు, అధికారం. అప్పుడు ట్యూనింగ్ (అలర్టులు మోగించే రూల్స్‌ని సరిదిద్దడం) ఎంత చేసినా మీకు ఊరట దొరకదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

క్యూని కోయడం

ఇన్ని తప్పుడు అలర్టులు ఎందుకొస్తాయో ఒక్కసారి లెక్కలో చూడాలి. రోజుకి 10 లక్షల సంఘటనలు, వాటిలో నిజమైన దాడికి సంబంధించినవి 10 అనుకుందాం. ఏది కనబడితే అలర్ట్ మోగాలో చెప్పే మీ రూల్ చాలా గొప్పది, నిజమైన వాటిలో 99 శాతం పట్టుకుంటుంది, మామూలు వాటిలో 1 శాతానికే పొరపాటున మోగుతుంది. అయినా రోజుకి దాదాపు 10,000 తప్పుడు అలర్టులు, 10 నిజమైనవి. వెయ్యింటికి ఒకటి. పొరపాటుని వందో వంతుకి, అంటే 0.01 శాతానికి తెచ్చినా 100 తప్పుడువి మిగులుతాయి. స్టెఫాన్ అక్సెల్సన్ 1999లోనే చూపించాడు, చొరబాట్లని పట్టే వ్యవస్థల పనితనాన్ని నిర్ణయించేది ఎంత బాగా పట్టుకుంటాయన్నది కాదు, ఎంత తక్కువగా పొరపాటున మోగుతాయన్నది అని. "నాన్నా పులి" అని వెయ్యిసార్లు అరిచే రూల్‌ని నమ్మమని ఎవరినీ శిక్షణతో ఒప్పించలేం. రూల్‌నే మార్చాలి.

గత 14 రోజుల అలర్టులని రూల్ పేరు వారీగా ఎగుమతి చేయండి. సంఖ్యని ఒక్కోదానికి పట్టే నిమిషాలతో గుణించి, ఆ లబ్ధం ప్రకారం పెద్దది పైకి వచ్చేలా పేర్చండి. పక్కన నిజమని తేలినవి ఎన్నో రాయండి. ఉదాహరణకి ఇలా వచ్చిందనుకుందాం. లాగిన్ వైఫల్యాల రూల్, 610 అలర్టులు, ఒక్కోదానికి 3 నిమిషాలు, మొత్తం 30 గంటల 30 నిమిషాలు, నిజమైనవి సున్నా. ఇంపాజిబుల్ ట్రావెల్ (ప్రయాణించి చేరలేనంత తక్కువ సమయంలో ఒకే యూజర్ రెండు దూరపు చోట్లనుంచి లాగిన్ కావడం), 190 అలర్టులు, 8 నిమిషాలు, 25 గంటల 20 నిమిషాలు, నిజమైనది ఒకటి. ఎన్‌కోడెడ్ పవర్‌షెల్ (విండోస్ కమాండ్ టూల్‌కి నేరుగా చదవలేని రూపంలో ఇచ్చిన కమాండ్లు), 85 అలర్టులు, 12 నిమిషాలు, 17 గంటలు, నిజమైనవి రెండు. ఈ మూడే దాదాపు 73 గంటలు తింటున్నాయి.

మొదటిదాన్ని దగ్గరగా చూద్దాం. విండోస్ ఈవెంట్ 4625, లాగిన్ విఫలం. 610లో అత్యధికం ఒకే సర్వీస్ అకౌంట్ (మనిషి కాకుండా ప్రోగ్రామ్ వాడే అకౌంట్), ఒకే సర్వర్ నుంచి, గడియారం పెట్టినట్టు సమాన వ్యవధిలో. ఈవెంట్ లోపల లాగాన్ టైప్ చూడండి. 4 అయితే షెడ్యూల్డ్ టాస్క్, 5 అయితే విండోస్ సర్వీస్. సబ్ స్టేటస్ "యూజర్ పేరు సరైనదే, పాస్‌వర్డ్ తప్పు" అంటోంది. అంటే ఎవరో ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చారు, ఆ సర్వర్‌లో ఒక టాస్క్‌లో పాతదే ఉండిపోయింది. దీనికి చేయాల్సింది అలర్ట్‌ని అణచడం కాదు. సర్వర్ టీమ్‌కి ఒక్క టికెట్, సర్వర్ పేరూ టాస్క్ పేరూ వ్యవధీ రాసి పంపితే అరగంట పని. పాస్‌వర్డ్ స్ప్రే దాడి ఇలా ఉండదు. అక్కడ ఒకే చోటినుంచి రకరకాల అకౌంట్ల మీద, ఒక్కోదాని మీద రెండు మూడు ప్రయత్నాలు, లాగాన్ టైప్ తరచుగా 3, అంటే నెట్‌వర్క్ మీదుగా. కాబట్టి రూల్‌ని "ఒక అకౌంట్ ఎన్నిసార్లు విఫలమైంది" నుంచి "ఒక చోటినుంచి ఎన్ని వేర్వేరు అకౌంట్లు విఫలమయ్యాయి"కి మార్చండి. రొద తగ్గుతుంది, అసలు దాడి కూడా ఇంకా బాగా దొరుకుతుంది. ఒకే అకౌంట్ మీద వందలసార్లు గురిపెట్టే దాడికి వేరే రూల్ ఉంచండి, దాన్ని అలర్ట్‌గా కాకుండా గంటకోసారి గుంపుగా చూపించమనండి.

ఇంపాజిబుల్ ట్రావెల్ ఎక్కువగా మోగేది వీపీఎన్ వల్ల, మొబైల్ నెట్‌వర్క్ గేట్‌వేల వల్ల. మీ వీపీఎన్ బయటికొచ్చే ఐపీలని నమ్మకమైన చోట్లుగా నమోదు చేయించండి. మిగిలినవాటికి ఒక తోడు గుర్తు జోడించండి: కొత్త డివైస్, లేదా గంటలోపు ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు అడిగే రెండో రుజువు) మార్పు, లేదా మెయిల్‌బాక్స్‌లో కొత్త ఫార్వర్డింగ్ రూల్. తోడు ఉంటేనే మనిషి దగ్గరకి రావాలి. దేశాన్ని దేశంగా మినహాయించే పొరపాటు మాత్రం చేయకండి. ఆ దేశంలో ఒక సర్వర్ అద్దెకి తీసుకోవడం దాడి చేసేవాడికి రెండు నిమిషాల పని.

పవర్‌షెల్ విషయంలో తొందర ప్రమాదకరం. మేనేజ్‌మెంట్ ఏజెంట్లు ఎన్‌కోడెడ్ కమాండ్లు వాడతాయి కాబట్టి చాలామంది ఏజెంట్ ఫైల్ పేరుని మినహాయిస్తారు. ఫైల్ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మినహాయింపులో నాలుగూ ఒకేసారి కలవాలి: పేరెంట్ ప్రాసెస్ (కమాండ్‌ని నడిపిన ప్రోగ్రామ్) పూర్తి పాత్, దాని డిజిటల్ సంతకం, ఆ కమాండ్ హ్యాష్ (వేలిముద్ర లాంటి కోడ్), ఆ మెషిన్ల గుంపు. యూజర్ రాయగలిగే ఏ ఫోల్డర్‌నీ, ముఖ్యంగా టెంప్‌ని, మినహాయింపులో పెట్టకూడదు.

ప్రతి మినహాయింపుకీ యజమాని పేరు, కారణం, 90 రోజుల గడువు రాసి ఉండాలి. గడువు తీరితే దానంతటది పోవాలి. పెట్టే ముందు మార్చిన రూల్‌ని గత 30 రోజుల డేటా మీద నడిపి, అప్పుడు నిజమని తేలినవి ఇప్పుడూ వస్తున్నాయా చూడండి. పెట్టిన తర్వాత వారానికి పది అణచిన సంఘటనలని తీసి చూడండి. వారానికి ఒకటి రెండు రూల్స్ చాలు. ఒకేరోజు పదిహేను మారిస్తే, ఏదైనా తప్పిపోయినప్పుడు దేనివల్లో తెలియదు. అప్పుడు పైవాళ్లు భయపడి అన్నీ వెనక్కి తిప్పేస్తారు, ఇంకో ఏడాది దాకా ట్యూనింగ్ మాట ఎత్తనివ్వరు.

ఈ పని క్యూ చూస్తూ మధ్యలో చేసేది కాదు. వారానికి నాలుగు గంటలు, పగటిపూట, మీ సీటుకి ఇంకొకరిని కూర్చోబెట్టి చేయాలి. అది దొరక్కపోవడమే చాలా టీముల్లో అసలు రోగం: క్యూ చూడటానికే అందరూ చాలడం లేదు, అందుకే ఎవరూ ట్యూన్ చేయరు, అందుకే క్యూ పెరుగుతుంది.

మీరు సాక్‌లో కాకుండా వల్నరబిలిటీ మేనేజ్‌మెంట్‌లో (సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికి సరిచేయించే పనిలో) ఉంటే లెక్క ఇలాంటిదే. 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 40,000 సీవీఈలు (నంబరు ఇచ్చి ప్రకటించిన లోపాలు) వెలువడ్డాయి. నిజంగా దాడుల్లో వాడుతున్నట్టు రుజువైనవాటితో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) 2021 నవంబర్ నుంచి నడుపుతున్న కెవ్ జాబితాలో, అన్ని ఏళ్లవీ కలిపి, 2024 చివరికి 1,300 కూడా లేవు. లోపం తీవ్రత చెప్పే సీవీఎస్ఎస్ స్కోర్ పట్టుకుని "క్రిటికల్" అన్నదానికల్లా పరుగెత్తకుండా, కెవ్‌లో ఉందా, ఇంటర్నెట్‌కి తెరిచి ఉందా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెడితే చాలా రాత్రులు మిగులుతాయి.

మేనేజర్ ముందు పెట్టే కాగితం

"నేను అలసిపోయాను" అని వెళ్తే సానుభూతి దొరుకుతుంది, ఒక వెల్‌నెస్ యాప్ లింకూ దొరకవచ్చు. ఒక పేజీ తీసుకెళ్లండి. దాని మీద మూడే విషయాలు. ఒకటి, 14 రోజుల అంకెలు, నిజమైన అలర్టుల శాతంతో సహా. రెండు, ఎక్కువ గంటలు తినే మూడు రూల్స్. మూడు, మీరు అడిగేది: ఆరు వారాలపాటు వారానికి నాలుగు గంటల ట్యూనింగ్ సమయం, ఆరో వారం చివర మళ్లీ అదే లెక్క చూపిస్తాననే మాట. మాట్లాడి వచ్చాక ఒప్పుకున్నది మెయిల్‌లో రాసి పంపండి. మీ ఆరోగ్యం వివరాలు ఆ కాగితం మీద అక్కర్లేదు. సెలవుకో షిఫ్ట్ మార్పుకో డాక్టర్ ఉత్తరం అవసరమైతే అది హెచ్‌ఆర్‌కి నేరుగా వెళ్తుంది.

మనుషులు చాలడం లేదన్న మాటనీ అంకెల్లోనే చెప్పాలి. వారానికి 168 గంటలు. 40 గంటల ఉద్యోగి సెలవులు, జబ్బులు, శిక్షణ, మీటింగులు పోగా ఏడాది సగటున వారానికి 33 గంటలకి మించి సీట్లో ఉండలేడు. అంటే ఒక్క సీటు రాత్రింబవళ్లు నిండాలంటే ఐదుగురు పైచిలుకు కావాలి, రాత్రి ఒంటరిగా ఉండకూడదు కాబట్టి రెండు సీట్లకి పదిమంది పైచిలుకు. మీ టీమ్ ఆరుగురితో రెండు సీట్లు నింపుతుంటే కావాల్సినవి 336 గంటలు, ఉన్నవి 198. మిగిలిన 138 గంటలు ప్రతి వారం ఎవరి నిద్రలోంచో వస్తున్నాయి. కొత్తవాళ్లని తీసుకోలేమంటే దారులు రెండున్నాయి: రాత్రి కాపలా బయటి ఎండీఆర్ సంస్థకి (ఇతర కంపెనీల తరఫున దాడులు కనిపెట్టే సంస్థకి) ఇవ్వడం, లేదా రాత్రి సీటు తీసేసి అత్యవసరమైన కొద్ది రూల్స్‌కి మాత్రమే ఆన్‌కాల్ (ఇంట్లో ఉండి, అవసరమైతే ఫోన్‌కి లేచే వంతు) పెట్టడం. రెండోది ఎంచుకుంటే మీ వంతు నాలుగైదు వారాలకోసారికి మించి రాకూడదు. గూగుల్‌లో సర్వీసులు ఆగకుండా చూసే ఎస్ఆర్ఈ టీములు 12 గంటల ఆన్‌కాల్ షిఫ్ట్‌లో రెండు సంఘటనలని పరిమితిగా పెట్టుకున్నాయి, ఆపరేషన్స్ పని సమయంలో సగానికి మించకూడదని నియమం కూడా. సెక్యూరిటీ వేరే పనే, కానీ బేరం మొదలుపెట్టడానికి ఆ అంకెలు బాగా పనికొస్తాయి.

పెద్ద ఇన్సిడెంట్ వచ్చినప్పుడు

లాగ్4షెల్ (లాగ్4జే అనే విస్తృతంగా వాడే సాఫ్ట్‌వేర్‌లోని ప్రమాదకరమైన లోపం) బద్దలైన 2021 డిసెంబర్ 10 శుక్రవారం. కసేయా అనే ఐటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగిన 2021 జులై 2 కూడా శుక్రవారమే, అమెరికాలో సెలవుల ముందు. దాడి కాకపోయినా, క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో మెషిన్లు పడిపోయిన 2024 జులై 19 కూడా శుక్రవారమే. కాబట్టి వారాంతపు జాబితా ముందే రాసి ఉంచాలి, అప్పటికప్పుడు "ఎవరు ఖాళీ?" అని అడిగితే ప్రతిసారీ కాదనలేని ఆ ఇద్దరే వస్తారు.

లాగ్4షెల్ నేర్పింది ఇంకొకటుంది. సరిచేసిన వెర్షన్ 2.15.0 పెట్టారు, చాల్లేదు, 2.16.0, తర్వాత 2.17.0, నెల ముగిసేలోపు 2.17.1. మొదటి మూడు రోజులే ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకి మూడో వారానికి శక్తి మిగల్లేదు. మొదటి గంటలోనే జట్టుని రెండుగా చీల్చి, సగం మందిని పడుకోమని ఇంటికి పంపడం కమాండర్ (ఆ ఇన్సిడెంట్‌ని నడిపించే మనిషి) చేయాల్సిన పని. ఎవరూ 12 గంటలు దాటకూడదు, కమాండర్ కూడా. హ్యాండోవర్‌కి అరగంట, నోటిమాటగా కాకుండా రాతగా: ఏం తెలుసు, ఏం అనుకుంటున్నాం, ఏం చేశాం, తర్వాతి పని ఏది, ఎవరికి మాటిచ్చాం. పైవాళ్లకి సమాచారం ఒక్కరే, నాలుగు గంటలకోసారి పంపాలి. అది లేకపోతే పనిచేసే అనలిస్ట్‌కి పది నిమిషాలకో మెసేజ్ వస్తుంది. ముగిశాక విశ్రాంతి అదే వారంలో ఇవ్వాలి. "తర్వాత తీసుకో" అన్న కాంప్ ఆఫ్ ఎప్పటికీ రాదు. రివ్యూ మీటింగ్ అందరూ నిద్రపోయి లేచాకే పెట్టాలి, అందులో "ఎవరు" అన్న ప్రశ్న రాకుండా "ఏ పరిస్థితిలో అది సరైనదిగా కనిపించింది" అని అడగాలి.

ఫోరెన్సిక్స్‌లో (డిజిటల్ సాక్ష్యాలు పరిశీలించే పనిలో) ఉండి పిల్లలపై అకృత్యాల్లాంటి దృశ్యాలు చూడాల్సి వచ్చేవాళ్లకి వేరే జాగ్రత్తలు కావాలి. శబ్దం ఆపి, నలుపు తెలుపులో, చిన్న థంబ్‌నెయిల్స్‌గా చూడండి. తెలిసిన హ్యాష్‌లతో పోల్చే టూల్ ఉంటే కళ్లతో చూడాల్సినవి తగ్గుతాయి. రోజు చివరి పనిగా మాత్రం వద్దు. ఇది మామూలు బర్న్‌అవుట్ కాదు, దీనికి ట్రామా తెలిసిన కౌన్సెలర్ కావాలి.

చదువు భారం, అపరాధ భావన

ఈ రంగంలో వెనకబడిపోతామన్న భయం సెలవు రోజుని కూడా తినేస్తుంది. వార్తలకి రోజుకి రెండుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున, డ్యూటీలోనే. ఇంట్లో ఫోన్‌లో ఆ ఫీడ్లు ఉండకూడదు. నిజంగా మిమ్మల్ని లేపాల్సిన విషయమైతే ఆన్‌కాల్ లేపుతుంది. సర్టిఫికెట్లకి గడువులు చూసి బెదరకుండా భాగించండి. సీఐఎస్ఎస్పీ సర్టిఫికెట్‌కి మూడేళ్లలో 120 సీపీఈలు (చదువు కొనసాగించినందుకు లెక్కేసే పాయింట్లు, దాదాపు గంటకి ఒకటి), అంటే నెలకి మూడు గంటల పైచిలుకు. సెక్యూరిటీ ప్లస్‌కి మూడేళ్లలో 50. ఆఖరి మూడు నెలల్లో అన్నీ పోగేసుకునేవాళ్లకే అది శిక్ష. కొత్త సర్టిఫికెట్ మాత్రం ఈ ఆరు నెలలు వద్దు.

చెప్పినా ప్యాచ్ చేయనివాళ్ల సంగతికి వస్తాను. మీకు కనిపించిన ప్రమాదాన్ని మీరొక్కరే మోస్తున్నట్టు ఉండటం చాలామందిని లోపలినుంచి తినేస్తుంది. ఐదు లైన్లు రాయండి: ఏం కనబడింది, ఏం జరగొచ్చు, ఏం చేయమన్నాం, ఆ సిస్టమ్ యజమాని ఏం నిర్ణయించారు ఏ తేదీన, మళ్లీ ఎప్పుడు చూడాలి. దాన్ని రిస్క్ రిజిస్టర్‌లో (కంపెనీ ప్రమాదాలని నమోదు చేసే జాబితాలో) ఆ యజమాని పేరు మీదే ఎక్కించండి. ఇది చేతులు దులుపుకోవడం కాదు. నిర్ణయించే అధికారం ఉన్నవాళ్ల దగ్గరే బాధ్యతని ఉంచడం. గడువు తేదీన మళ్లీ అడగడం వరకే మీ వంతు.

మళ్లీ సెలవు, ఆ తర్వాత

మీకు ఇంకో సెలవు కావాలి, కానీ ట్యూనింగ్ మొదలై రెండు మూడు వారాలయ్యాక తీసుకోండి, తిరిగొచ్చేసరికి క్యూ కొంచెమైనా చిన్నదై ఉంటుంది. వీలైతే రెండు వారాలు. ఫోన్‌లోంచి మెయిల్, చాట్ యాప్‌లు తీసేయండి, ఆన్‌కాల్ జాబితాలో మీ పేరు తీయించండి. మొదటి మూడు నాలుగు రోజులకి ఏ ప్రయాణమూ పెట్టుకోకండి, నిద్రకే వదిలేయండి. తిరిగొచ్చిన మొదటి రోజు క్యూ వద్దు, జరిగిన మార్పులు చదవడానికే. మొదటి వారం సగం క్యూ. రెండు వారాలు రాత్రులు వద్దు. ఈ మూడూ సెలవుకి ముందే మెయిల్‌లో ఒప్పించుకుని వెళ్లండి, వచ్చాక అడగడం కష్టం.

ఎనిమిది నుంచి పన్నెండు వారాలు గడిచినా అంకెలు కదలకపోతే, లేదా చూడని అలర్టులని చూసినట్టు రాయమంటే, అప్పుడు కదలండి. రంగం వదలక్కర్లేదు. నాలుగేళ్లు అలర్టులు చూసిన మనిషికి ఏ రూల్ ఎందుకు తప్పుగా మోగుతుందో తెలుసు, డిటెక్షన్ ఇంజినీరింగ్‌లో (రూల్స్ రాసి సరిదిద్దే పనిలో) కావాల్సింది అదే, అందులో మామూలుగా రాత్రులు ఉండవు. జీఆర్‌సీలో (నియమాలు, రిస్క్, ఆడిట్ చూసే విభాగంలో) రాత్రులు లేవు గానీ ఆడిట్ నెలల్లో కాగితాల వరద ఉంటుంది. పెన్‌టెస్టింగ్ (అనుమతితో సిస్టమ్‌లోకి చొరబడి లోపాలు వెతికే పని) బయటికి కనిపించినంత సరదాగా ఉండదు, రిపోర్ట్ గడువులే అందులో సగం బతుకు. దాడి జరిగిన కంపెనీలకి వెళ్లి సాయపడే ఇన్సిడెంట్ రెస్పాన్స్ కన్సల్టింగ్ మాత్రం ప్రస్తుతానికి వద్దు, మీకు చేటు చేస్తున్న శుక్రవారాలన్నీ అక్కడ రెట్టింపుగా ఉంటాయి.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి: పోయిన నెల ఒక్కో అనలిస్ట్‌కి షిఫ్ట్‌కి ఎన్ని అలర్టులు, రాత్రి సీట్లో ఎంతమంది, పోయిన మూడు నెలల్లో ఎన్ని రూల్స్ మార్చారు లేదా తీసేశారు, ఏడాదిలో ఎంతమంది వెళ్లిపోయారు. మూడో ప్రశ్నకి వచ్చే జవాబుని ఎక్కువ నమ్మండి.

ఈ రాత్రికి మాత్రం షీట్‌లో మొదటి వరస నింపి పడుకోండి. పద్నాలుగు రోజులయ్యాక రూల్ పేర్లు, సంఖ్యలు, నిమిషాలు మాత్రం నాకు రాయండి, హోస్ట్ పేర్లు వద్దు. ఏ రూల్‌ని ముందు పట్టుకోవాలో, దాన్ని ఎంత ఇరుకుగా రాయాలో కలిసి చూద్దాం.